చెంపమీద చుక్కలు

ఆ సీరియల్లో చిన్నకోడలు నిజంగా పరీక్ష రాసిందా? ఇన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. జవాబు ఎవరి నోట వినాలనుకున్నానో ఆ మనిషి పోయిన మంగళవారం పుంగనూరులో కన్నుమూసింది. మాకు రక్తసంబంధమేమీ లేదు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, అంతే. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమెను పెద్దమ్మ అనే పిలిచాను.

తొంభైల నడుమ, నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు, సాయంత్రమైతే పెద్దమ్మ టీవీ గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. నేను లెక్కలు చేస్తుంటే చెవిలో అత్తల అరుపులు, కోడళ్ల ఏడుపులు. ఒకరోజు ఓర్చుకోలేక గోడమీద గుద్దాను. "పెద్దమ్మా, ఆ మోత తగ్గించరాదా? నేను ఫెయిలైతే నీకు సంతోషమా?"

తడిచేతులు తుడుచుకుంటూ ఆమె మా వాకిట్లోకి వచ్చింది. "ఈడదాకా యినిపిస్తాండాదా అమ్మా? ముందే సెప్పకుండా యాల ఓర్చుకుంటివి?"

ఆ సాయంత్రం నుంచి గోడ అవతల చప్పుడు లేదు. టీవీ చూడడం మానేసిందనుకున్నాను. సంతోషించాను కూడా.

నెల తర్వాత తోడుకు మజ్జిగ కోసం వెళ్తే టీవీ నడుస్తూనే ఉంది. సౌండు దాదాపు మొత్తం తగ్గించేసి, తెర పక్కనున్న స్పీకరు చిల్లులకు చెవి ఆనించి కూర్చుని ఉంది పెద్దమ్మ. అలా కూర్చుంటే బొమ్మ కనబడదు.

"బొమ్మ సూడవా పెద్దమ్మా?"

"నిన్న బొమ్మ సూస్తి. ఈ పొద్దు మాటలు యింటాండా. రెండూ కలుపుకుంటే కత అయితాది లే."

లేచినప్పుడు ఆమె చెంపమీద స్పీకరు చిల్లులు చుక్కలు చుక్కలుగా అచ్చుపడి ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. "నవ్వు, నవ్వు. నీ పరీచ్చలు కానీ, కతంతా సెప్తా" అంది. సౌండు పెంచుకో అని నేను అనలేదు.

అన్నట్టే, పరీక్షలైపోయాక చింతపండులో గింజలు తీస్తూ కథంతా చెప్పింది. అందులో చిన్నకోడలు అత్తకు తెలియకుండా చదివి, పరీక్ష రాసి, టీచరమ్మ అయింది. నన్ను డిగ్రీకి పంపాలా వద్దా అని మా ఇంట్లో మాటలు నడుస్తున్న వేసవి అది. ఆ కోడలిని తలుచుకుని నాన్న ముందు మొదటిసారి నోరు విప్పాను. అలా విప్పిన నోరే ఇవాళ కుప్పం కాలేజీలో పాఠాలు చెబుతోంది.

రెండువేల సంవత్సరం దాటాక పెద్దమ్మ కొడుకు రిమోటున్న కొత్త టీవీ తెచ్చాడు. "మోత వస్తాండాది గానీ మాట రాలేదమ్మా" అని నాకు ఫోన్ చేసింది. సెలవులకు వెళ్లినప్పుడు పక్కన కూర్చుని మోత పెంచే బేస్ ఒక్కొక్క గీతే తగ్గించాను, మాట తేటపరిచే ట్రెబుల్ పెంచాను.

"ఇప్పుడో?"

"ఇంగా బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుండాది."

"ఇప్పుడో?"

"ఆ. ఇప్పుడు మనుసులు మాట్లాడతాండారు."

మళ్లీ వెళ్లేసరికి అదీ వినబడడం లేదంది. మదనపల్లెలో చెవుల డాక్టరుకు చూపించాను. కుడిచెవి ఈమధ్యే మందగిస్తోందట. ఎడమచెవి ఎన్నో ఏళ్ల కిందటే పోయిందట, ఎప్పుడన్నది చెప్పలేమన్నాడు. తిరుగు బస్సులో అడిగాను.

"పెద్దమ్మా, నా పరీక్షలప్పుడు నీకు నిజంగా యినిపించేదా?"

"యినపడకపోతే అంత కత యాడనుంచి వస్తాది?" అని కిటికీవైపు తిరిగి కూర్చుంది.

ఆ సీరియల్ చూసినవాళ్లు ఇప్పటికీ ఎందరో ఉంటారు. అడిగితే చెబుతారు. నేను ఎవరినీ అడగలేదు.

కళ్లు మూసుకుంటే ఆ చుక్కలు ఎన్ని వరసలో కూడా కనిపిస్తాయి. అవి కుడిచెంపమీద ఉంటే ఆమె విన్నట్టు. ఎడమచెంపమీద ఉండి, ఆ చెవి అప్పటికే పోయి ఉంటే ఆ చిన్నకోడలు టీవీలోది కాదు, పెద్దమ్మది. ఏ చెంపో నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.