లైన్ క్లియర్ ఉష పేరున

కంకిపాడు అవతలి పల్లెల్లో కరెంటు స్తంభం ఎక్కిన మొదటి ఆడపిల్ల ఉష. ఈ మాట ముందే చెప్పేయాలి, తరవాత చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. ఊరి బడిలో పదో తరగతి ఫస్టు క్లాసు. బెజవాడ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు, నలభైమంది మగపిల్లల మధ్య తనొక్కతే. స్తంభం ఎక్కే పరీక్ష మొదటిసారికే గట్టెక్కింది. బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడు, నడుం లోతు నీళ్లలో ఎనిమిది రోజులు డ్యూటీ చేసింది. లైన్‌మన్ ఉద్యోగంలో నాలుగేళ్లు నిండేసరికి ఆమె పేరున మూడువందల పన్నెండు లైన్ క్లియర్లు ఉన్నాయి. వాళ్లమ్మ నాంచారమ్మ చేపల బుట్ట ముందు కూర్చుని, బేరానికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ అంకె వినిపించేది.

స్తంభం ఎక్కబోయే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తాడు. అక్కడి ఆపరేటరు సరఫరా ఆపి, అడిగినవాడి పేరూ టైమూ పుస్తకంలో రాస్తాడు. అదే లైన్ క్లియర్. మళ్లీ ఆ మనిషే, తన నోటితో "రిటర్న్" అనేదాకా ఎంత పెద్దవాళ్లు అడిగినా కరెంటు ఇవ్వకూడదు. పుస్తకంలో పేరుంటే ప్రాణం వాళ్ల చేతిలో ఉన్నట్టు.

పోయిన వేసవిలో ఒకరోజు జాన్సన్ స్తంభం మీద ఉన్నాడు, ఉష కింద ఉంది. జాన్సన్ పదిహేనేళ్ల సీనియరు. సబ్‌స్టేషన్ నుంచి సరఫరా ఆగే ఉంది. కానీ పక్కనున్న కళ్యాణమండపంలో జనరేటర్ వేశారు. ఆ కరెంటు వెనక్కి తన్ని, ఆగిపోయిన తీగలోకి వచ్చింది. జాన్సన్ బెల్టుకి వేలాడిపోయాడు. ఉష పరుగెత్తి జనరేటర్ ఆపించింది. తిరిగొచ్చి స్తంభం ఎక్కి, తాడు కట్టి, అంత మనిషినీ కిందికి దింపింది. మొత్తం పదకొండు నిమిషాలు.

జాన్సన్ ఇరవై రోజులు సెలవు పెట్టాడు. కాగితంలో "బీపీ" అని రాశాడు. తిరిగొచ్చిన రోజే స్తంభం ఎక్కించారు.

ఉష సెలవు పెట్టలేదు. తమ పై ఇంజనీరు, ఏఈ మణికుమార్ గారితో ఉన్నమాట చెప్పింది. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు సార్. గుండె దడదడలాడుతోంది."

"అయ్యో, ముందే చెప్పొద్దామ్మా," అన్నారాయన జాలిగా. మర్నాటి నుంచి ఆమెని సబ్‌స్టేషన్‌లో కూర్చోబెట్టారు. పని, ఫోన్ ఎత్తి పుస్తకంలో మగవాళ్ల పేర్లు రాయడం.

అక్కడే అసలు జబ్బు ముదిరింది. స్తంభం మీద ఉన్నప్పుడు రాని వణుకు కుర్చీలో వచ్చింది. ఇంటికెళ్లి స్విచ్చి ఆపి, ఆగిందో లేదోనని ఏడుసార్లు చూసుకునేది. "నీకు పంకా కింద ఉద్యోగం, రాణీగారివి," అని ఆపరేటర్ హేమసుందర్ నవ్వితే, తనూ నవ్వి బాత్రూంలోకెళ్లి ఏడ్చేది. మూడు నెలలకి మణికుమార్ ఒక కాగితం ఇచ్చారు. "నా స్వంత కోరికపై శాశ్వతంగా ఆఫీసు పనిలో వేయవలెను" అని టైపు చేసి ఉంది. సోమవారంలోగా సంతకం చేయాలి.

సంతకం చేయలేదు. శనివారం బెజవాడ బస్సెక్కి పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీలో చీటీ రాయించుకుంది. బెంచీ చివర జాన్సన్ కనిపించాడు.

"నువ్విక్కడేంటి అన్నా?"

"బీపీ చూపించుకుందామని."

"బీపీ గది కింద అంతస్తులో ఉంది."

జాన్సన్ చెప్పుల వంక చూసుకున్నాడు. "జనరేటర్ చప్పుడు వింటే చెమటలు పోస్తున్నాయి చెల్లెమ్మా. ఎవరికీ చెప్పమాక. మగోడికి మనసు బాగోలేదంటే నా కింద తాడెవడు పట్టుకుంటాడు?"

"చెప్పనన్నా," అంది ఉష.

డాక్టరమ్మ అంతా విని మందులు రాసింది. "పనిలోకి వెళ్లొచ్చు. ఊరికే కూర్చోబెడితే నీ భయం పెరుగుతుంది," అని చీటీ మీద కూడా రాసిచ్చింది.

సోమవారం పొద్దున్నే పనులు పంచే వేళకి ఉష ఆ చీటీనీ, సంతకం లేని కాగితాన్నీ బల్ల మీద పెట్టింది.

"నాకు స్తంభం కావాలి సార్."

"నీ మంచికే చెప్తున్నానమ్మా. భయంతో ఎక్కకూడదు."

"జాన్సన్ అన్న ఎక్కుతున్నాడుగా. దెబ్బ తిన్నది ఆయన."

"అతనిది బీపీ. నీది భయం."

ఉష జాన్సన్ వైపు చూడలేదు. ఇచ్చిన మాట ఇచ్చిందే. "ఆయన్ని కిందికి దింపినదాన్ని దిగిపొమ్మంటున్నారు సార్. సంతకం చేయను. పైవాళ్లకి రాయాలంటే రాయండి, నేనూ రాస్తాను," అంది.

గోడ దగ్గర నిలబడ్డ జాన్సన్ బల్ల దగ్గరికొచ్చాడు. "నాదీ బీపీ కాదు సార్. ఇద్దరం ఒకే డాక్టరమ్మ దగ్గరికెళ్లాం. తేడా ఒకటే. ఆమె నిజం చెప్పింది, నేను దాచాను."

మణికుమార్ ఆ టైపు కాగితాన్ని మడిచి డ్రాయర్లో పెట్టారు. "నెల్లాళ్లు ఇద్దరూ కలిసే వెళ్లండి. ఒకరు పైన, ఒకరు కింద," అన్నారు.

ఆ మధ్యాహ్నమే కాలవ గట్టు మీద తీగ తెగింది. ఉష ముందు జాన్సన్‌ని పంపి, చుట్టుపక్కల జనరేటర్లన్నీ ఆపించింది. తరవాత ఫోన్ చేసింది.

"ఎవరి పేరున?" అడిగాడు హేమసుందర్ అలవాటుగా.

"నా పేరున. ఉష."

అవతల పుస్తకం మీద పెన్ను కదిలిన చప్పుడు. "రాశానండి," అన్నాడు. "అండి" అనడం అదే మొదలు.

వెనక్కి తన్నే కరెంటు నేలలోకి పోయేలా, పొడవాటి కర్రతో తీగకి ఎర్తు కట్టి ఎక్కింది. సగంలో గుండె దడ మొదలైంది. బెల్టు బిగించుకుని అక్కడే ఆగింది. కింద జాన్సన్ తాడు పట్టుకుని, "తొందరేం లేదు చెల్లెమ్మా, నాకూ చెమటలే," అన్నాడు. ఉషకి నవ్వొచ్చింది. దడ ఉండగానే ఎక్కింది, దడ ఉండగానే తీగ కలిపింది.

కిందికి దిగి, ఎర్తు తీసి, ఫోన్ అందుకుంది. "లైన్ క్లియర్ రిటర్న్. ఉష."

ఊళ్లో పంకాలు తిరిగాయి. సాయంత్రం నాంచారమ్మ బుట్ట ముందు అంకె మారింది. మూడువందల పదమూడు.