వసారాలో పాస్‌వర్డ్

నాకు అక్షరాలు నేర్పింది పక్కింటి వదిన. చుట్టం కాదు, ఒకరినొకరం పిలుచుకునే పిలుపే అంత. మార్కాపురంలో మా వీధిలోనే జాకెట్లు కుట్టేది. మధ్యాహ్నం మిషను ఆపి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతోనే నా చేత పలక మీద దిద్దించేది. మా ఆయన బతికున్నన్నాళ్ళూ పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇంట్లో పలకలకు కొదవలేదు, నాకే రాయడం రాదు. యాభై దాటాక ఒక పలక నా చేతికొచ్చింది.

"ఏంది వదినా ఆ 'అ'? నెలలు నిండినట్టుంది," అని నవ్వేది.

నా కూతురు ఇంటి నుంచే ఉద్యోగం చేసుకోవడానికి వైఫై పెట్టించింది. కనెక్షన్ నా పేరున. వదిన కుట్టు డిజైన్లు చూసుకోవడానికి పాస్‌వర్డ్ ఇచ్చాను. ఆమెకు గుర్తుండడం లేదంటే, కూతురు రాసిపెట్టిన ఇంగ్లీషు అక్షరాలు చూసి పలక మీద రాసి వసారాలో తగిలించాను. నా రాత నాకే ముద్దొచ్చింది.

"అమ్మా, అది తాళంచెవి. వాకిట్లో తగిలిస్తావా?" అంది కూతురు.

"దప్పికని వచ్చినోళ్ళకు చెంబు దాచిపెడతామా?" అన్నాను. ట్యాంకరు కోసం బిందెలతో నిలబడే ఊరు మాది. అయినా వసారాలోకి వచ్చి నీళ్ళడిగితే లేదనం. నెట్టూ అంతే అనుకున్నాను.

ఒక పొద్దున పోలీసులు వచ్చారు. వీధి చివరుండే టీచరమ్మ ఫోటోకు బూతులు చేర్చి ఎవరో ఫోన్లలో పంపారు. అవి పోయింది మా ఇంటి నెట్టు నుంచేనట.

"కనెక్షన్ నీ పేరున ఉంది కదమ్మా, నువ్వే చెప్పాల. ఎవురికిచ్చినావు?"

"మా వదినకు సార్," అన్నాను. అబద్ధం కాదు. నా నోటితో నేను చెప్పింది ఆమె ఒక్కదానికే. గోడ మీదున్నది ఎవరెవరు చదువుకున్నారో ఆ క్షణాన నాకు తట్టలేదు.

వదిన ఫోను తీసుకుని, ఆమెను సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత తేలింది. వసారాలో నీళ్ళు తాగడానికి వచ్చిన వెనకింటి అద్దెమనిషి పలకను ఫోటో తీసుకుపోయాడు. అతన్ని పట్టుకున్నారు గానీ, టీచరమ్మ గిద్దలూరుకు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయింది. వదినకు "స్టేషనుకు పోయొచ్చినామె" అన్న పేరు మిగిలింది.

కూతురు పలక తుడిచేసి పాస్‌వర్డ్ మార్చింది. కొత్తది నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

నా చదువు ఒత్తుల దగ్గర ఆగిపోయింది. ఉండబట్టలేక ఒకరోజు వదిన ఇంటికి వెళ్ళాను.

"వదినా, ఆ పోలీసాయన అట్ల గద్దించేసరికి నాకు..."

ఆమె మెడలో టేపు సర్దుకుంటూ లేచింది.

"రాండి. జాకెట్టు కుట్టాల్నా మీకు?"

నన్ను ఎన్నడూ 'మీరు' అనని మనిషి. కాదంటే బయటికి నడవాలి. అందుకని అవునన్నాను. గుడ్డేదని ఆమె అడగలేదు. నా కొలతలు ఆమెకు నోటికొచ్చు. అయినా, కొత్తగా వచ్చినవాళ్ళను కొలిచినట్టే, భుజం దగ్గర మొదలుపెట్టి అన్నీ కొలిచింది.