దురియన్ పండు పడ్డ చప్పుడు

సింగపూర్‌లో పేటెంట్ లాయరు కాకముందు బీ లియాన్ కృత్రిమ మేధలో పరిశోధన చేసింది. చేసిందంటే, ఒళ్ళు హూనం చేసుకుని ఒకే ఒక్క వ్యాసం రాసింది. తాతగారి తోటలో, పనసలా ముళ్ళుండే బరువైన దురియన్ పండు రాలితే, వానహోరులో కూడా ఆ చప్పుడును యంత్రం గుర్తుపట్టడం ఎలాగని. సభలో చదివితే నవ్వారు. ఆ తర్వాత దాని ముఖం చూసిన నాథుడు లేడు. మనసు విరిగి చట్టం చదువుకుంది.

ఆ రోజుల్లో ల్యాబులో ఆమెకు జూనియరైన హైరుల్, పేటెంట్ కావాలని ఆమె దగ్గరికే వచ్చాడు. వాళ్ళమ్మ ఫ్లాటులో ఒంటరిగా పడిపోయి, ఎవరికీ తెలియకుండానే పోయింది. అప్పట్నుంచి ఉద్యోగం మానేసి, మనిషి పడ్డ చప్పుడు విని కబురుపెట్టే పెట్టె తయారుచేశాడు. పేటెంట్ వస్తేనే పెట్టుబడి పెడతామంది జపాన్‌లోని ఒసాకా కంపెనీ ఒకటి. రాకపోతే పెద్ద కంపెనీలు మర్నాడే నకలు దించేస్తాయి.

బీ లియాన్ లోకంలోని వ్యాసాలన్నీ జల్లెడ పట్టి, అడ్డేమీ లేదని ధీమాగా దరఖాస్తు వేసింది. మనుషులు పడ్డ చప్పుళ్ళ గురించి వెతికినామె పండ్లవైపు చూస్తుందా? పేటెంటు ఆఫీసు పరీక్షకుడు చూశాడు. పండుకు పనికొచ్చిన ఉపాయం మనిషికీ పనికొస్తుందని ఎవరికైనా తడుతుంది, ఇందులో కొత్తేముంది అన్నాడు. అడ్డొచ్చిన వ్యాసం కింద తన పేరు చూడగానే ఆమెకు ముందు సంతోషమే కలిగింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

వాదించి చూసింది. దరఖాస్తులో అడిగిన హక్కుల్ని కత్తిరించి కత్తిరించి చివరికి మిగిలింది ఎందుకూ కొరగాని ముక్క. మధ్యాహ్నం తిండి దుకాణాల హాకర్ సెంటర్లో, అక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి హైరుల్ ఆపి ఉంచిన బల్ల దగ్గర, అంతా చెప్పేసింది.

అతను కాఫీలో చెంచా తిప్పాడు.

"మా అమ్మా, మీ తాత పండూ ఒకటేనన్నమాట."

"చట్టం దృష్టిలో అంతేరా."

"పోనీలే అక్కా. ఇన్నాళ్ళకి నీ వ్యాసం ఒకడు చదివాడు."

ఎత్తిపొడుపైనా బాగుండేది. అతను నిజంగానే ఓదారుస్తున్నాడు.

ఇక పనుందంటూ లేచి, ప్యాకెట్ తీసి జేబులో వేసుకున్నాడు. తీశాడో లేదో, పళ్ళేలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు ఆ చోట్లో కూర్చుని, ఆమె వైపైనా చూడకుండా తినడం మొదలుపెట్టారు.