నాడె చూపిస్తే అన్న చెయ్యి ఊపాడు

నా కళ్ళజోడు మీద ఒట్టు, అది లేకుంటే ఈ కాగితమే కనపడదు నాకు: ఇందులో ప్రతి మాటా నిజం. కోరుట్లలో నన్నెరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు. మానేరులో చేపకు ఈత నేర్పానని నలుగురిని నమ్మించినవాణ్ణి. ఆ చేపను వదిలేయండి. ఇది మా అన్న సంగతి.

అన్న ఉండేది సిరిసిల్లలో. ఇంటి వెనక షెడ్డులో నాలుగు మరమగ్గాలు. ముప్పై ఏళ్ళకు పైగా వాటిని తానే నడిపాడు. మొన్న ఎండాకాలం వదిన ఫోన్ చేసింది.

"మీ అన్న దేని పేరూ చెప్పకుండ అన్నిటికీ 'గది, గది' అంటుండు మరిదీ. చెంచా ఇయ్యుమంటే, చెంచా అంటే ఏందని నన్నే అడుగుతుండు."

"పని తప్పించుకునే ఉపాయం వదినా. గింత మంచిది నాకు తట్టనే లేదు!"

"నీకన్నీ పరాచికాలే. మగ్గం కాడికి పోనియ్యాల్నా వద్దా, నాకు గది తెల్వాలె. బెల్టు తిరుగుతాంటే చెయ్యి పెడుతడేమోనని పానం గుంజుతాంది."

జగిత్యాలలో మాటల పరీక్ష చేసే డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆమె చెప్పినట్టే, అన్న రోజూ పట్టుకునే వస్తువులను వదిన సంచిలో వేసుకొచ్చింది. ముందు డాక్టరమ్మ బొమ్మలు చూపించింది. కోడికి "జంతువు" అన్నాడు అన్న. గొర్రెకూ "జంతువు" అన్నాడు. చీపురుకు "గదే, గట్లనే ఉంటది" అన్నాడు, ఎక్కడా తడబడకుండా, నవ్వుతూ. నేనూ నవ్వు ఆపుకుంటున్నాను. మా ఇద్దరిలో పెద్ద నటుడు ఆయనే.

డాక్టరమ్మ సంచిలోంచి నాడె తీసింది. దారపు కండెను కడుపులో పెట్టుకుని మగ్గం మీద ఆ కొసకూ ఈ కొసకూ పరుగెత్తేది అదే.

"పేరు యాదికి రాకున్నా మంచిదే. దీంతోని ఏం చేస్తరో చేసి చూపెట్టుండ్రి."

అన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఇనుప మొనను వేలితో తడిమాడు.

"మంచిగున్నది," అన్నాడు, ఎవరింట్లోనో కొత్త సామాను చూసినవాడిలా.

నేను ఆగలేకపోయాను. డాక్టరమ్మ వెనక నిలబడి, పరీక్షలో కాపీ అందించినట్టు, చెయ్యి ఎడమ నుంచి కుడికీ కుడి నుంచి ఎడమకీ ఆడించాను. సిరిసిల్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన సైగ.

అన్న ముఖం వెలిగింది. నాడె బల్ల మీద పెట్టి, తనూ చెయ్యి ఊపాడు.

"పోతున్నవా తమ్మీ? పైలం."

నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దించడం ఎలాగో తోచలేదు.

"మీరు సైగ చేసిండ్రు గదా," అంది డాక్టరమ్మ నాతో, వెనక్కి తిరగకుండానే. "వట్టి మాటొక్కటే చిక్కకుంటే, వస్తువు చూడంగనే చెయ్యి దాని పని అది చేస్తది. ఈయనకు వస్తువే ఎరుక తప్పుతాంది. మగ్గం కాడికి మాత్రం పోనియ్యకుండ్రి."

సిరిసిల్ల చేరాక ఆగి ఉన్న మగ్గం ముందు అన్నను నిలబెట్టాను. నాడె అందుకుని కండె పెట్టాడు, దారం కొస లాగాడు, ఉండాల్సిన చోట చక్కగా కూర్చోబెట్టాడు. "చూసినవా వదినా!" అని అరిచాను.

ఒట్టు వేశాను కనుక చెప్పాలి. ఈ మగ్గం ముక్క నా కల్పన. ఆ రోజు షెడ్డు గడప దాకా కూడా వెళ్ళలేదు. "మగ్గం బందువెట్టి, ఒక్కసారి చూద్దామా మరిదీ?" అని వదిన బస్సు దిగుతూనే అడిగింది. వద్దన్నాను. ఆ చెయ్యి ఊపడం రెండోసారి చూసే ధైర్యం నాకు లేదు. వదిన షెడ్డు తాళంచెవి నా జేబులో వేసింది.