అక్క బావి కోసం సుబేదారి దాకా

సుబా పెద్ద అధికారి ఉండే సుబేదారి కచేరీకి అర్జీ పట్టుకుని వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, దాచుకోవడం ఎందుకు! మాది వర్ధన్నపేట దగ్గర పల్లె. మా ఊరి దొర వందల ఎకరాల ఆసామి, పైగా ఊళ్లో తగాదాలు విచారించే పోలీస్ పటేలు కూడా ఆయనే. ఈ మాఘంలో తన తోటకు కంచె వేయించుకుంటూ మా అక్క రాజమ్మ బావిని కూడా లోపల కలిపేసుకున్నాడు. బావ పోయాక అక్కకు మిగిలింది ఆ బావి కింది మిరపతోట ఒక్కటే. నీళ్లు లేక అది ఎండిపోతోంది.

అర్జీ ఉర్దూలో ఉండాలి కాబట్టి ముందు రోజే రాయించి పెట్టుకున్నాను. తెల్లవారుతూనే బండిలో వర్ధన్నపేట చేరి ఏడు గంటల బస్సెక్కాను. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేదు, బస్సు బొగ్గుతో నడుస్తోంది. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తోయాలి, టిక్కెట్టు మాత్రం పూర్తిగా కొనాలి. వరంగల్‌లో దిగేసరికి పది. అక్కడి నుంచి సుబేదారికి జట్కా, నాలుగణాలు. జట్కా తోలే ఖాజా నా చేతిలో కాగితం చూశాడు.

"అర్జీనా అన్నా? రోజు నీ అసొంటోళ్లను దింపుత. పోయేటప్పుడు మస్తు మాట్లాడుతరు. వాపస్ వచ్చేటప్పుడు ఒక్కలు నోరు తెరవరు."

నాకు ఒళ్లు మండింది. అందరితో నన్నూ కలిపేస్తాడేమిటి అనుకున్నాను.

కచేరీలో గుమస్తా రెండింటి దాకా నిలబెట్టాడు. తర్వాత అర్జీ చదివి, ముద్ర కొట్టి, కవరులో పెట్టి, లక్క అంటించి, మళ్లీ నా చేతికే ఇచ్చాడు.

"విచారణకు పంపుతానం. మీ పోలీస్ పటేలుకియ్యి."

"సార్, అర్జీ ఆయన మీదనే గద!"

"ఇంక మంచిది. సంగతంత ఆయనకే ఎర్క. డాక్‌ల ఏస్తె వారం పడ్తది, నువ్వెట్లయిన ఊరికే పోతానవ్, జర పట్టుకపో. నీ పేరు రిజిస్టర్‌ల ఎక్కింది. చేరకపోతె నిన్నే అడుగుతరు."

తిరుగు జట్కాలో నేనూ నోరు తెరవలేదు.

మర్నాడు పొద్దున దొర ఉండే గడి ముందు చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. దొర కవరు చించి, చదివి, "బాయి మా తాతలది. ఫిర్యాదు అబద్ధం" అని పైకి అంటూనే అర్జీ వెనక రాసి, పటేలు ముద్ర వేశాడు. "ఇగ సుబేదారిల ఇచ్చి రాపో" అన్నాడు. ఫిర్యాదు చేసినవాడి చేతే వెట్టి చేయించుకుంటున్నాడు, సిగ్గు లేకుండా!

కాగితం ఇంటికి తెచ్చి అక్క చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "రెండు దినాలు తిరిగి తెచ్చింది దీన్నేనా తమ్మీ? నాకు బాయి గావాలె" అంది.

భూమి ఎవడిదో విచారణా వాడిదే, ముద్రా వాడిదే అయినప్పుడు న్యాయం అడగడానికి బస్సెక్కడమే వెర్రితనం అనిపించింది. అక్కకు అలా అనిపించలేదు. సాయంత్రం వాడకట్టంతా తిరిగి వచ్చింది. ఆ కంచెలో ఇంకో పదకొండు ఇళ్ల వాళ్ల మెట్ట చెలకలు కూడా కలిసిపోయాయట, భయపడి ఎవరూ బయటికి చెప్పుకోలేదట. అందుకే వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఒంటరిగా వెళ్లకండి, ఒక్కడైతే కవరు చేతిలో పెట్టి పంపేస్తారు. రేపు పన్నెండు ఇళ్ల వాళ్లం కలిసి వెళ్తున్నాం. విచారణకు దొర కాని మనిషిని పంపేదాకా కచేరీ మెట్ల మీది నుంచి లేవనని అక్క చెప్పేసింది.