హద్దు దాటిన జొన్నరొట్టెలు

మా చిన్నప్పుడు ఇంటి నుంచి చేనుకు నడిస్తే చాలు... రాష్ట్రం మారిపోయేది!

నవ్వకండి. ఇప్పటి మహారాష్ట్రలోని కోర్పనా అవతల, సరిహద్దులో మా ఊరు. అంతకుముందు ఇల్లూ, చేనూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. భాషల ప్రకారం రాష్ట్రాలను విడగొట్టినప్పుడు ఇల్లు బొంబాయి రాష్ట్రం వైపు వచ్చింది... చేను ఆంధ్ర వైపు పోయింది. మధ్యలో ఒక హద్దురాయి పాతారు. మా ఎడ్లకు ఆ సంగతి తెలియదు పాపం, ఎప్పటిలాగే నడిచేవి.

కొన్నాళ్లకు బండ్లబాట మీద నాకా, అంటే చెక్‌పోస్టు, వెలిసింది. అడ్డంగా ఒక వెదురుగడ, తడికెల గుడిసె, ఒక జవాను. పర్మిట్ లేనిదే ధాన్యం రాష్ట్రం దాటకూడదట. వ్యాపారులు తిండిగింజలు తరలించి ధరలు పెంచకుండా ఆ రూలు పెట్టారని చెప్పేవారు. పట్టుకున్న సరుకును బట్టి జవానుకు ఇనాం కూడా ఉండేదట...

ఆ ఏడు జొన్న విరగ పండింది. నాయన బండి తోలుతున్నాడు. నేనూ, నాయన తల్లి మా బాపమ్మా బస్తాల మీద కూర్చున్నాం. జవాను వెదురుగడ ఎత్తలేదు.

"పర్మిట్ ఏది?"

"నా చేన్ల పండినయి, నా ఇంటికి తీస్కపోతున్న. దానికి పర్మిట్ ఏంది?" అంది బాపమ్మ.

"చేను ఆంధ్రల ఉన్నది, ఇల్లు బొంబాయిల ఉన్నది. గిది దొంగసరుకు. దించుండ్రి!"

నాయన చేతులు జోడించాడు. బాపమ్మ జోడించలేదు. జవాను బస్తాలన్నీ నాకా దగ్గరే దింపించాడు.

నాయన పర్మిట్ కోసం తిరిగాడు. ఇక్కడి ఆఫీసులో "చేను మా దగ్గర లేదు, అటు పో" అన్నారు. అక్కడికి పోతే "ఇల్లు మా దగ్గర లేదు, అటే పో" అన్నారు. ఈలోగా వాన కొట్టింది. నాకా దగ్గర మా బస్తాల్లోనే మొలకలొచ్చాయి... ధాన్యం వ్యాపారం చేసే సేటు బండ్లు మాత్రం పట్టపగలే దర్జాగా దాటేవి. ఎవరిని ఆపడానికి ఆ రూలు పెట్టారో, వాళ్లకే పర్మిట్ ఉండేది! ఆయన మనిషి ఆఫీసు గుమ్మంలోనే కూర్చునేవాడు మరి.

చేనులో ఇంకా జొన్నలు మిగిలి ఉన్నాయి. ఒకరోజు బాపమ్మ ఇసుర్రాయిని బండికెత్తించి చేనుకు తీసుకెళ్లింది. అక్కడే జొన్నలు విసిరి పిండి చేసింది. అక్కడే పొయ్యి పెట్టి రొట్టెలు కాల్చింది. గంప నెత్తిన పెట్టుకుని నాకా దగ్గరికి నడిచింది... వెనకాల నేను.

"గంపల ఏమున్నది?"

"రొట్టెలు."

"జొన్నలయేనా?"

"చేన్ల ఉన్నప్పుడు జొన్నలు. ఇప్పుడు రొట్టెలు. నీ కాయిదంల రొట్టె అని రాసి ఉంటే పట్టుకో."

కాగితంలో రొట్టె లేదు. వాడు కట్టెతో గంప పొడిచి చూసి వదిలేశాడు. మరుసటి రోజు నుంచి అవతల చేలున్న ఆడవాళ్లందరూ గంపలతోనే వచ్చారు. రొట్టెలకు ఇనాం లేదు కదా... వాడి మొహం చూడాలి!

ఒకరోజు జవాను ఉండబట్టలేక బాపమ్మ గంపను తోసేశాడు. రొట్టెలన్నీ దుమ్ములో పడ్డాయి. బాపమ్మ అక్కడే కూర్చుని, ఒక రొట్టె దులిపి, వాడి మొహంలోకి చూస్తూ నమిలింది. ఇసుక కరకరలాడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"రేపు గూడ నేనొస్తరా," అంది లేస్తూ.

వచ్చింది కూడా. పంట అయిపోయేదాకా వచ్చింది.

కానీ నాయన అలసిపోయాడు. మరుసటి ఏడు చేనంతా పత్తి వేశాడు. పత్తికి ఆ పర్మిట్ గొడవ లేదు. మమ్మల్ని చూసి చుట్టుపక్కల వాళ్లూ అదే వేశారు. ఆ ఏడే వానలు ముఖం చాటేశాయి. పత్తి అరకొరగా వచ్చింది... తినడానికి గింజ లేదు. నాయన సేటు దుకాణం నుంచి జొన్నలు కొనుక్కొచ్చాడు. అవి కూడా అదే నాకా దాటి వచ్చినవే.

బాపమ్మ ఆకలికి తిన్నది. తింటూ తిట్టింది. జవానును కాదు, సేటును కాదు... మా నాయనను!

"నీ పిల్లలకు పత్తి పెడ్తవారా? పెట్టు. వాళ్లు రూలు రాసిండ్రు, నువ్వు చేను రాసిచ్చినవ్!"

ఆ తల్లీకొడుకులు మళ్లీ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆమె పోయేదాకా.

నాకా ఎప్పుడో ఎత్తేశారు. ఇప్పుడు తారురోడ్డు మీద ఎవరు ఏం తీసుకెళ్తున్నా అడిగేవాడు లేడు. మా చేలలో మాత్రం పత్తి, సోయాబీనే... జొన్న మళ్లీ రాలేదు. చంద్రాపూర్‌లో మనవడు నన్ను హోటల్‌కు తీసుకెళ్లి "అమ్మమ్మా, ఇక్కడ జొన్నరొట్టె స్పెషల్" అన్నాడు. రొట్టె మెత్తగా, బాగానే ఉంది. నాకే మింగుడు పడలేదు...

మీ చేలలో ఏ పంట ఇలా పోయింది? ఎవరి రూలుకు పోయింది? చెప్పండి... తిట్టాలనిపిస్తే తిట్టండి కూడా. నేనేమీ అనుకోను.