రిజిస్టరులో దిగిపోయిన మనిషి

తపాలా అక్కయ్యకు రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయి. నోటి జోలికి మాత్రం ఆ జబ్బు వెళ్ళలేదు. చక్రాల కుర్చీలోంచే ఒక ఆఫీసు నాలుగో అంతస్తులో పంతొమ్మిదేళ్ళుగా వచ్చే ఉత్తరానికీ పోయే ఉత్తరానికీ ముద్ర వేస్తోంది. ఆ ఆఫీసులో ఒక ఫైలు నాలుగో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు దిగాలంటే పదకొండు నెలలు పట్టేది. మనుషులు మాత్రం నాలుగు నిమిషాల్లో నేలమీదికి దిగేవారు. అగ్నిప్రమాదం మాక్ డ్రిల్లులో ఏడేళ్ళుగా షీల్డు వాళ్ళదే.

ఎలాగంటే, సైరను మోగడానికి అరగంట ముందే సేఫ్టీ ఆఫీసరు వచ్చి, "అక్కయ్యా, లిఫ్టు ఆపి ఉంచాను, పదండి" అనేవాడు. ఆవిడ గేటు దగ్గర టీ తాగుతూ, మిగతావాళ్ళు రొప్పుతూ దిగిరావడం చూసేది. ఏడేళ్ళూ ప్రాణాలతో బయటపడ్డవాళ్ళలో ఆవిడే ఫస్టు. ఆఫీసరు మంచివాడే. పని తగ్గుతుందని రిజిస్టరులో ఆవిడ పక్కన టిక్కు ముందుగానే అచ్చు వేయించాడు.

ఇంట్లో చెల్లెలు ఆవిడ మంచానికి టార్చి, ఈల, మందుల సంచి తగిలించి, పక్కింటి ఇద్దరికి దుప్పటిలో మోసే పద్ధతి కూడా నేర్పింది. అంత ఏర్పాటున్న మనిషి ఆఫీసులో టిక్కును నమ్ముకుంది.

ఒక మంగళవారం సైరను చెప్పాపెట్టకుండా మోగింది. క్యాంటీను వంటవాడు పొయ్యిమీద మూకుట్లో నూనె పెట్టి ఫోనులో పడితే, నూనె అంటుకుంది. సైరను మోగగానే లిఫ్టు దానంతట అదే ఆగిపోయింది. అందరూ నాలుగు నిమిషాల్లో దిగిపోయారు. అక్కయ్య గేటుకు ఫోను చేసింది.

"వాచ్‌మన్ బాబాయ్, నేను పైనే ఉండిపోయాను."

"లేదమ్మా, దిగిపోయారు. రిజిస్టరులో ఉందిగా."

"మరి మాట్లాడుతున్నది నా దెయ్యమా?"

"ఉండండి, సారునడుగుతా." కాస్త ఆగి, "సారు కూడా దిగారనే అంటున్నారమ్మా."

అక్కయ్య తలుపు కింది సందులో తడిపిన ఫైళ్ళు కుక్కి, కిటికీ తెరిచింది.

"ఏవయ్యా సేఫ్టీ! తలెత్తి చూడు!"

ఆఫీసరు కిటికీ చూశాడు, రిజిస్టరు చూశాడు, మళ్ళీ కిటికీ చూశాడు. పాపం, రెండూ పొసగలేదు.

ఈలోగా వంటవాడు మంట ఆర్పేశాడు. పోయింది మూకుడొక్కటే.

తర్వాతి డ్రిల్లు రోజున ఆఫీసరు మామూలుగానే వచ్చాడు.

"అక్కయ్యా, లిఫ్టు…"

"నేను రాను. మంట నీకు అరగంట ముందు కబురు పెట్టి వస్తుందా నాయనా?"

"షీల్డు పోతుందక్కయ్యా."

"నేను పోతే?"

ఆయన దగ్గర దానికి ఫారం లేదు.

సైరను మోగింది. మెట్లమీద మనుషుల్ని దింపే కుర్చీ ఒకటి కొన్ననాటి ప్లాస్టిక్ కవరుతో సహా గోడకు వేలాడుతోంది. దాన్ని విప్పడానికే పదకొండు నిమిషాలు పట్టింది. ఇద్దరు గుమాస్తాలు చెరోవైపూ పట్టారు.

"బలమున్నవాడు కిందివైపు రా. ముందు బెల్టు బిగించు. బియ్యం బస్తాలా కాదురా, మనిషినిరా నేను!"

గేటు చేరేసరికి ఇరవై ఆరు నిమిషాలు. ఆఫీసరు కలం అలవాటుగా నాలుగు అని రాయబోయింది.

"ఇరవై ఆరు రాయి" అంది అక్కయ్య. రాశాడు. షీల్డు వేరే ఆఫీసు పట్టుకుపోయింది.

అప్పటినుంచి శుక్రవారం మధ్యాహ్నాలు గుమాస్తాలకు వంతులవారీగా ఆవిణ్ణి దింపడమే పని. నాలుగు నెలలకు అది తొమ్మిది నిమిషాలకు తగ్గింది. గుమాస్తాలు మెట్టుమీద కూలబడి చెమట తుడుచుకుంటూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటున్నారు. అక్కయ్య లిఫ్టువైపు చూపించింది.

"పొగ తొమ్మిది నిమిషాలు ఆగదురా. నన్ను పైకి తీసుకెళ్ళండి, మళ్ళీ దిగుదాం."